కుడిపక్కవారి ప్రార్థన

మొన్న శుక్రవారం ఆరాధన ముగిసే వేళ మా కుర్ర పాస్టరుగారు ఫోను చూసి, ఆఫ్రికాలో ఒక దేశపు సంఘపెద్దలు అక్కడి కొత్త చట్టానికి, అంటే మగవాడు మగవాణ్ణి ప్రేమిస్తే జైల్లో పెట్టే చట్టానికి, దేవునికి స్తోత్రాలు చెల్లించారని చదివి వినిపిస్తే, హాలంతా ఆమెన్ అంది. నా మనసు అప్పటికే ఇక్కడే దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఏళ్ళ కిందటి మా పిన్ని ఫ్లాటుకు వెళ్ళిపోయింది.

నన్ను దోహా తీసుకొచ్చిన మా పిన్ని నర్సు. ప్రతి వారం ఆవిడ ఇంట్లో చాపలు పరుచుకుని, పక్కవాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం. ఆ కూడికలో ఒక పద్ధతి ఉండేది: ఎవరు మనవి చెప్పుకున్నా, వాళ్ళ కుడిపక్కన కూర్చున్న మనిషి, ఇష్టమున్నా లేకున్నా, పేరుపెట్టి ప్రార్థన చేయాల్సిందే. పిన్నితో డ్యూటీ చేసే ఆఫ్రికా నర్సు ఒకావిడ, మేమంతా అక్కా అనేవాళ్ళం, తెలుగు రాకపోయినా మా పాటల కోసం వచ్చేది.

ఒకనాడు ఆ అక్క ఇంగ్లీషులో మనవి చెప్పుకుంటూ, తన తమ్ముడి పేరు చెప్పి ఏడ్చేసింది. వాళ్ళ దేశంలోనూ అలాంటి చట్టమే వచ్చిందట, సొంత చర్చివాళ్ళే అతణ్ణి వెలివేసి పోలీసులకు పట్టిస్తామన్నారట, అతను ఎక్కడో దాక్కుంటే తల్లి మాత్రం వారం వారం అదే చర్చి ఊడ్చి వస్తోందట. అక్క కుడిపక్కన ఉన్నది మా పిన్ని. పండగపూట పొరుగువాళ్ళు పంపిన పులిహోర కూడా ముట్టని నిష్ఠ ఆవిడది. కూడిక నడిపే బాబాయి హెచ్చరికగా దగ్గాడు. పిన్ని ముసుగు సర్దుకుంది.

"ప్రభువా, ఈ పిల్లాడి సంగతి నాకర్థం కాలేదు, నీకు తెలుసు. వాణ్ణెవరూ కొట్టకుండా చూడు తండ్రీ. వాళ్ళమ్మ చేతి అన్నం వాణ్ణి తిననివ్వు."

బాబాయి ఆమెన్ అనడానికి చాలాసేపు పట్టింది గానీ, అన్నాడు. పైవారం నుంచి రెండు కుటుంబాలు రావడం మానేశాయి. పోయేవాళ్ళు పోతారు, పద్ధతి పోకూడదు అంది పిన్ని. తమ్ముడు సరిహద్దు దాటాడని కబురొచ్చాక అక్క కూడా దోహా వదిలి వెళ్ళిపోయింది, ఆ తరవాత ఏమయ్యారో తెలియదు. పిన్ని మాత్రం చనిపోయేదాకా అన్నం ముందు కూర్చుని ఆ తమ్ముడి పేరు తలిచేది.

ఇప్పుడు మాకు పెద్ద హాలు, ఏసీ, మెత్తటి కుర్చీలు. మనవి వాట్సాప్‌లో పెడితే చాలు, దణ్ణాల బొమ్మలు వచ్చిపడతాయి. మొన్న ఆ ఆమెన్ తరవాత, ఇంకెవరికైనా మనవులున్నాయా అని పాస్టరుగారు అడిగితే, నేను లేచి ఆ తమ్ముడి పేరు చెప్పాను. ఎవరతనని ఒక్కరూ అడగలేదు. కూర్చుంటూ, పాత అలవాటు కదా, కుడివైపు చూశాను. ఆ కుర్చీలో నా హ్యాండ్‌బ్యాగు ఉంది.