తక్కువ గాలికి పెద్ద బోర్డు

మా డ్రిల్లు టీచరు పోయారు. పొద్దున్నే కాఫీ కలుపుకుని వసారాలో కూర్చున్నారట. చెల్లెలు పేపరు తెచ్చి ఇచ్చేలోపు గ్లాసు ఒళ్లోకి ఒరిగిపోయి ఉందట. ఆ చెల్లెలే నాకు ఫోన్ చేసింది. "అక్క పోయిందమ్మా" అని ఏడ్చి, నేనేదో అనేలోపు ఇంకో మాట కూడా అనేసింది. "చర్చిలో నువ్వే రెండు మాటలు చెప్పాల. పిల్లల్ని ఎట్ల ఆడించింది, ఎట్ల భయపెట్టింది, అవన్నీ చెప్పు. ఆ సముద్రం సంగతి మాత్రం వద్దు తల్లీ. అందరూ ఉంటారు."

నేను "సరే" అన్నాను.

ఈ పత్రికలో నా రాతలు చదివేవాళ్లకు తెలుసు, "సరే" అనే మాట నా నోట ఎంత కష్టంగా వస్తుందో. అధికారులతో సరే, సొంత సంఘం పెద్దలతో కూడా పోట్లాడి బయటికొచ్చినదాన్ని. ఆడదాని ఒంటికి సిగ్గును ఎవరు కప్పారు, ఎందుకు కప్పారు అని పేజీలకు పేజీలు మీ మీద కుమ్మరించినదాన్ని. అటువంటిదాన్ని ఒక్క ఊపిరిలో సరే అన్నాను. చర్చిలో నిలబడి ఖోఖో గురించి చెప్పాను, రింగు ఆట గురించి చెప్పాను, ఆమె విజిల్ వేస్తే ప్రహరీ అవతల సైకిళ్లు కూడా ఆగేవని చెప్పాను. అందరూ నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. బాగా మాట్లాడావన్నారు. ఇంటికొచ్చి అన్నం పక్కకు నెట్టి కాగితాలు ముందేసుకున్నాను. అక్కడ చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను. ఎవరికి తలవంపులైతే వాళ్లు పేజీ తిప్పేయండి.

రిటైరయ్యాక ఆమె బాగా ఒళ్లు చేశారు. కూరగాయల అంగట్లో నుంచి పెళ్లి భోజనాల దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. "డ్రిల్లు టీచరయ్యుండి ఇంత లావేంది టీచర్?" ఆమె నవ్వేవారు. మోకాళ్లు నేల మీద నొప్పి, నీళ్లలో నొప్పి ఉండదు, అంతే ఆమె చెప్పే సమాధానం. ఒకసారి తడ దాటి తమిళనాడు వైపు ఎవరి పెళ్లికో వెళ్లి, అక్కడ సముద్రంలో ఒక ఆట చూసి వచ్చారు. చేతిలో గాలి నింపిన పెద్ద రెక్క. కాళ్ల కింద బోర్డు. బోర్డు అడుగున నిలువుగా ఒక కంబి, దాని కొసన నీళ్లలో విమానం రెక్క లాంటిది ఇంకోటి. పై రెక్కను గాలి లాగితే బోర్డు ముందుకు పోతుంది. కొంచెం వేగం అందగానే కింది రెక్క బోర్డును, మనిషిని నీళ్ల మీంచి పైకి లేపేస్తుంది. వింగ్ ఫాయిలింగ్ అంటారు. ఆమె మాత్రం "ఎగిరే పలక" అనేవారు.

"నువ్వూ రావే నేర్చుకుందాం" అని నాకు ఫోన్ చేశారు. "ఒక్కదాన్నే పోతే పిచ్చిదంటారు. ఇద్దరం పోతే ఏదో ప్రోగ్రామనుకుంటారు."

నేను వాదన మొదలుపెట్టాను. అది డబ్బున్నోళ్ల ఆట టీచర్, జనం వలలేసుకునే చోట మనం ఆడుకోవడమేంటి టీచర్ అన్నాను. ఆమె అంతా విన్నారు. "షటిలు కూడా ఒకప్పుడు దొరల ఆటేనే. మనం ఆడకపోతే ఎప్పటికీ వాళ్లదే అయి ఉంటది. ఇంక వలలంటావా, యాడేస్తారో నేను పోయి అడిగొచ్చినా. నువ్వు అడిగినావా, ఊరికే రాసినావా?" అన్నారు. నేను ఊరికే రాశాను.

నాకు ఆశ లేక కాదు వాదించింది. ఉంది కాబట్టే. నీళ్ల మీద లేచి పోవడం అనే మాట విన్న రాత్రే ఫోన్లో ఆ ఆట వీడియోలు వెతుక్కుని చూశాను. అది పైకి ఒప్పుకోవడానికి నామోషీ. ఈ వయసులో, ఈ ఒంటితో.

మన తీరంలో గాలి ఏడాదంతా ఒక్క తీరుగా ఉండదు. మేము మొదలుపెట్టిన కాలంలో అది బద్ధకంగా, ఎవరో విసనకర్ర విసిరి మానేసినట్టు ఉంటుంది. అంత తక్కువ గాలికి, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఏ సామాను కావాలో కనుక్కోవడానికి టీచరు చెన్నై అవతల ఒక దుకాణానికి ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టారు. ఆ కుర్రాడు మొదట అడిగిన ప్రశ్న, "వెయిట్ ఎంత మేడమ్?"

ఎందుకంటే బోర్డు ఎన్ని లీటర్లదో దాన్నిబట్టే తీసుకోవాలట. మన బరువు ఎన్ని కిలోలో అన్ని లీటర్లు, ఆ పైన ఇంకో ముప్పై, నలభై. అప్పుడే గాలి లేకపోయినా మన కింద తేలి నిలబడుతుందట.

"రాసుకో నాయనా, ఎనభై ఎనిమిది. టిఫిన్‌కి ముందు" అన్నారు టీచరు.

"ఇంకో మేడమ్‌కి?"

"డెబ్బై నాలుగు" అన్నాను నేను.

ఆమె నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశారు. పరుగు పందెం రోజున కడుపునొప్పి అని చెప్పిన పిల్లను చూసినట్టు. ఆ అంకెను అట్లాగే పోనిచ్చారు. కింది రెక్క దగ్గర మాత్రం గట్టిగా చెప్పారు. "వెడల్పుది తీసుకోవే. అది నిదానంగా పోతున్నా పైకి లేపుతది. చిన్నదానికి స్పీడు కావాల. మనకి యాడుండాది స్పీడు?" నేను వీడియోలో చూసిన చిన్న ఎర్ర రెక్క కావాలన్నాను. "ఎరుపుంటే చాలా నీకు? లేవనక్కర్లా?" అన్నారు. నేను వినలేదు. పై రెక్క కూడా ఆమె ఆరు చదరపు మీటర్లది తీసుకుంటే నేను నాలుగున్నరది చాలన్నాను. పెద్దవన్నీ చేతకానివాళ్ల సామాన్లని నా అభిప్రాయం. తెలియని విషయం మీద కూడా నాకు అభిప్రాయం ఉంటుందని మీకు తెలుసు కదా.

తోటపల్లి గూడూరు దాటి, రొయ్యల గుంటల మధ్య మట్టిరోడ్డు మీద పోతే ఏరు సముద్రంలో కలిసే మొగ వస్తుంది. అక్కడ నీళ్లు అల లేకుండా, రొమ్ము లోతున ఉంటాయి. గట్టు మీద నెత్తళ్ల చేపలు ఆరబోసే ఆడవాళ్లు తప్ప ఎవరూ ఉండరని అది ఎంచుకున్నాం. మొదటి రోజు నేను ఫుల్ చేతుల చొక్కా, దాని మీద లైఫ్ జాకెట్, దాని మీద చున్నీ వేసుకుని దిగాను.

"చున్నీ తీసెయ్యవే! కంబికి చుట్టుకుంటే చస్తావు."

"ఫర్వాలేదు టీచర్, ముడేసుకున్నా."

గట్టు మీది ఆడవాళ్లు పనాపేశారు. నేను బోర్డు మీదికి మోకాళ్లతో ఎక్కాను. బోర్డు మర్యాదగా నీళ్లలోకి దిగిపోయింది. మునగలేదు, తేలలేదు. నడుము దాకా నీళ్లలో మోకాళ్ల మీద ఉండి, చేతిలో ఎర్రగా రెపరెపలాడేది పట్టుకుని, చున్నీతో నేను. "అక్కా, కింద పలకుండాదా, లేకపోతే నువ్వే కూచున్యావా?" అని గట్టు మీంచి కేక. అందరికంటే గట్టిగా నవ్వింది మా టీచరే. నవ్వి, ఈదుకుంటూ వచ్చి, నా బోర్డు అంచు పట్టుకుని నెమ్మదిగా అన్నారు. "గాలి బాగున్న చోటైతే అబద్ధం కూడా లేచి పోతుందే. ఇంత గాలికి లేవదు. ఇక్కడ నిజమే చెప్పాల."

తన బోర్డు నాకిచ్చి ఆమె గట్టున కూర్చునేవారు. వంతులు. ఆమె బోర్డు మంచం లాంటిది, లేచి నిలబడినా కదలదు. దాని మీద నాకు నిలబడడం వచ్చింది. కానీ ఎవరైనా బైకు మీద రోడ్డున పోతుంటే కూర్చునేసేదాన్ని.

ఒకరోజు తిరిగొస్తుంటే దారిలో గుంట దగ్గర రొయ్యలు పట్టి తూస్తున్నారు. టీచరు తడి బట్టలతోనే పోయి ఆ కాటా ఎక్కారు. తూకం వేసే ఆయన, "టీచరమ్మా, నీళ్లు కారినాక ఎక్కాల. తడి బరువు మేం ఒప్పుకోం" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఆమె ముల్లు చూసి అంకె పైకే చదివి, దిగి, నా వైపు తిరిగారు. "ఇప్పుడు నువ్వెక్కు."

నేను ఎక్కలేదు. ఎక్కకపోగా అక్కడే, బురదలో నిలబడి, ఆడదాన్ని తూకమేసి చూసే లోకం గురించి ఎత్తుకున్నాను. పెళ్లిచూపుల నుంచి జిమ్ముల దాకా ఎవరినీ వదల్లేదు. నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు, ఇప్పటికీ అంటాను. ఆమె చివరిదాకా ఓపిగ్గా విన్నారు.

"ఉపన్యాసం బాగుండాది. దాని బరువెంత?" అన్నారు.

ఆటో ఊరు దగ్గరికొచ్చాక నా చేతి మీద చెయ్యేసి అన్నారు. "నాకు సిగ్గు లేదనుకుంటున్నావా? ఈ లెగ్గింగుల్తో ఇంట్లోంచి ఆటో దాకా రావడానికి రోజూ చస్తా ఉండా. సిగ్గు పోదే. అది కూడా బరువే. లీటర్ల లెక్కలో దాన్నీ ఏసుకుని, ఇంకొంచెం పెద్ద బోర్డు తీసుకోవాల, అంతే."

నా అక్షరాల్లో సిగ్గు ఎప్పుడూ శత్రువు. కూల్చేయాల్సిన గోడ. దాన్ని వెంటబెట్టుకుని కూడా నీళ్లలోకి దిగొచ్చని ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గు పడకండి అని ఇన్నేళ్లు మిమ్మల్ని గదమాయించినందుకు ఇవాళ నాకు సిగ్గుగా ఉంది. పడండి. పడుతూనే రండి.

ఆమె లేచిన రోజు ఆదివారం. మొగ దగ్గరికి కోవూరు వైపు నుంచి పిక్నిక్‌కి వచ్చిన కుటుంబాలున్నాయి. గాలి అంతంతే. ఆమె బోర్డు మీద నిలబడి రెక్కను ఒకటికి రెండుసార్లు గట్టిగా గుంజారు, మోకాళ్లు వంచి, లేపి, మళ్లీ వంచి. ఏళ్ల తరబడి మాచేత వేయించిన బస్కీలే. బోర్డు నీళ్లను తపతపా కొడుతూ పోతోంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. చూస్తే బోర్డుకీ నీళ్లకీ మధ్య వెలుతురు. ఎనభై ఎనిమిది కిలోల మా టీచరు, మూరెడు ఎత్తున, ఏ చప్పుడూ లేకుండా పోతున్నారు. ఆమె కూడా ఆశ్చర్యపోయినట్టున్నారు, నోరు తెరుచుకునే ఉంది.

నా పక్కన ఒకతను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. "ఒరేయ్, ముసలామెను చూడండ్రా!" అని నవ్వుతున్నాడు. ఫోన్ ఆమె వైపు నుంచి మెల్లగా గట్టు వైపు తిరుగుతోంది. నేను పక్కకు జరిగాను. తాటాకు పందిరి వెనక్కి. అతని మీద అరవాల్సింది నేను. అరవడమే నా వృత్తి.

ఆ వీడియో ఊరంతా తిరిగింది. చర్చి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది, కింద వెక్కిరింతలొచ్చాయి. చెల్లెలు వద్దనింది అందుకే. ఆమె మీద నాకు కోపం లేదు, ఉండే హక్కు కూడా లేదు. టీచరు మాత్రం ఆ వీడియో నాకు పంపి, ఫోన్ చేసి సంబరంగా అడిగారు. "చూసినావా? ఎట్ల లేచినానో! నువ్వు యాడుండావే ఇందులో, కనపళ్లా?"

"పక్కనే ఉన్నా టీచర్" అన్నాను.

"అవునా" అన్నారు. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆమె బోర్డును చెల్లెలి కొడుకు ఎవరికో ఇచ్చేశాడు. ఎవరికని అడిగితే చెప్పలేదు. పోయిన వారం నేను మొగ దగ్గరికి వెళ్లాను. ఇంట్లో నా బరువు ఎవరూ వినకూడదని అక్కడికి పోయి దుకాణానికి ఫోన్ చేశాను, చూశారా, ఇంకా అంతే. టీచరుతో కలిసి కొన్నదాన్నని చెప్పాను గానీ, అక్కడ సిగ్నల్ సరిగా లేదు.

"మేడమ్, వినపళ్లా. వెయిట్ ఎంతన్నారు?"

మళ్లీ చెప్పాను.

"ఎంత మేడమ్?"

"తొంభై నాలుగు!" అని అరిచాను. మైకు లేకుండా అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు.

నెత్తళ్లు తిరగేస్తున్న ఆమె తలెత్తింది. "అంతేనా అక్కా? ఇంకా ఉంటావే!" అనింది. అందరూ పడీ పడీ నవ్వారు. చెవులు కాలిపోతున్నాయి. అయినా అక్కడే నిలబడ్డాను.

"సరే మేడమ్, అప్పుడు నూట ముప్పై లీటర్లది. కింద వెడల్పు రెక్క, పైన ఆరు మీటర్లది" అన్నాడు కుర్రాడు. "టీచర్ మేడమ్ అప్పుడే చెప్పినారు, మీరు మళ్లీ ఫోన్ చేస్తారని. బాగుండారా వాళ్లు?"

నా మొహం చూసి గట్టు మీద నవ్వు ఆగింది.

"మేడమ్? ఉన్నారా? గాలి శబ్దమే వస్తా ఉండాది... ఈరోజు మీకు గాలి బాగుండాదే!"

ఫోన్లో అట్లా వినిపిస్తుందేమో. నా ఎదురుగా నీళ్ల మీద ముడత పడీ పడనంత గాలి. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, టీచరు లేచిన ఆ నీళ్ల వైపు చాచి పట్టుకున్నాను.