ఫోటోలో పాత బూటు

ఎల్బీనగర్‌లోని మా ఫ్లాటు అమ్మకానికి పెడుతూ ఫోటోలు నేనే తీసి, అడ్రసు, నా ఫోన్ నంబరుతో సహా ఆన్‌లైన్‌లో పెట్టాను. తాళం వేసి బయటికెళ్తూ హడావుడిలో తీసిన గుమ్మం ఫోటోలో తలుపు సగమే పడింది, మిగతాదంతా చెప్పుల స్టాండే. ఇల్లు కొనేవాళ్లు చెప్పులు చూస్తారా, పోనీలే అనుకున్నాను.

మోకాలి ఆపరేషన్ అయిన మా అత్తగారు లేచి తలుపు తీయలేరు. అందుకే నేను బయటికెళ్తే తాళం వేసి, పనిమనిషి కోసం తాళంచెవి స్టాండు మీది పాత బూటులో పెట్టేదాన్ని.

ఆ మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో జాకెట్టు గుడ్డ చూస్తుంటే కొత్త నంబరు నుంచి ఫోన్.

"అక్కా, మీ తాళంచెవి బూటుల ఉన్నది గదా?"

"ఎవరండీ మీరు?" అనేలోగా లైను తెగిపోయింది. అత్తగారికి చేస్తే ఎత్తలేదు. ఆటోలో దారంతా చేస్తూనే ఉన్నాను.

మూడంతస్తులూ పరుగున ఎక్కేసరికి మా గుమ్మం ముందు మెట్టు మీద ఎవరో నడివయసాయన, పిడికిట్లో మా తాళంచెవి! తలుపుకు తాళం మాత్రం అలాగే ఉంది.

"ఇల్లు చూద్దామని ఒచ్చినక్కా. ఫోటోల దర్వాజ కంటె బూటుల కెళ్లి ఏలాడే చెవే మంచిగ కనవడుతున్నది. ఎవడన్న తీస్తడేమోనని పరేషానై ఈడనే కూసున్న. ఫోన్ల చార్జింగ్ అయిపాయె."

లోపల అత్తగారు హాయిగా నిద్రపోతున్నారు.

ఆయనకు మా ఇల్లు నచ్చలేదు. కానీ అప్పటికే ఆ ఫోటో ఎందరు చూశారో! వాళ్లందరిలో ముందుగా మా మెట్లెక్కింది ఆయన కాకపోయుంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.