మా అత్త పగటి నిద్ర

మా అత్త పడుకుని ఉండగా చూసినవాళ్ళు ధర్మవరంలోనే లేరని చెప్పుకునేవారు. ఆ మాట మొదట పుట్టించింది మా అత్తే. నేను హిందూపురం నుంచి కోడలిగా వచ్చిన మొదటి వారమే నాకూ వినిపించింది. మగ్గం మీద మామ, నా భర్త. వాళ్ళకు పట్టు కండెలు చుట్టి అందించేది ఆమె. కోడి కూయకముందే ఆమె రాట్నం చప్పుడు మొదలయ్యేది. నేను కళ్ళు నులుముకుంటూ వస్తే, "ఏమ్మీ, పొద్దెక్కినంక లేస్తే ఇంట్లో లచ్చిమి నిలుస్తాదా?" అనేది. నాకు ఒళ్ళు మండేది. నోరున్నదాన్నే, అయినా కొత్త కోడల్ని కదా, చీపురందుకునేదాన్ని.

ఆమెకు అరవై దాటాక, ఒక వేసవిలో కుడికాలి బొటనవేలు వాచి ఎర్రబడింది. చీర అంచు తగిలినా "అయ్యో దేవుడా" అని అరిచేది. తల దిమ్ముగా ఉందని కూడా అంటుంటే నాకు భయం పట్టుకుంది. అంతకు రెండేళ్ళ ముందే ఆమె అక్క రక్తపోటు ముదిరి, పక్షవాతం వచ్చి మంచాన పడింది. మాట పోయింది. ఈమెకూ ఆ గతి పడుతుందేమోనని ఇంట్లో అందరికీ దిగులే, పైకి అన్నది మాత్రం నేను. వద్దన్నా వినకుండా రైలెక్కించి, మా నాయనకు తెలిసిన డాక్టరు దగ్గరికి పెనుకొండ తీసుకుపోయాను.

చేతికి పట్టీ చుట్టి చూసి, బీపీ బాగా ఎక్కువుందన్నాడాయన. రక్తం పరీక్షకు పంపాడు. రెండోసారి వెళ్ళినప్పుడు యూరిక్ యాసిడ్ కూడా ఎక్కువేనని, వేలి వాపు దానివల్లేనని చెప్పాడు.

"నేను మాంసమే ముట్టను సామీ, నాకేంటికొచ్చె?"

"ఎంతసేపు నిద్రపోతావమ్మా?"

మా అత్త నిటారుగా కూర్చుంది. "నాలుగు గంటలైతే ఎక్కువ. నేనేమన్నా సోమరిదాన్నా?"

మెచ్చుకుంటాడనుకుంది పాపం. ఆయన నవ్వనైనా నవ్వలేదు. "నిద్ర చాలనోళ్ళలో ఈ రెండూ ఎక్కువ చూస్తాండా. దేనివల్ల ఏదొస్తాదో ఖాయంగా చెప్పలేను. మందులిస్తా, నీళ్ళు బాగా తాగు. కానీ నిద్ర మాత్రం పెంచుకోవాల. మీ అక్క సంగతి నీ కోడలు చెప్పిందిలే."

రాత్రి పెందలాడే పడుకోవడానికి ఒప్పుకుంది. కానీ అలవాటుపడిన కళ్ళు మూడింటికే తెరుచుకునేవి. పోనీ మధ్యాహ్నం పడుకోమంటే ససేమిరా అంది. మగ్గం ముందు గదిలోనే. వీధి తలుపు తీసే ఉంటుంది, వచ్చేపోయేవాళ్ళకు ఇల్లంతా కనపడుతుంది. పగలు ఆడది పడుకుంటే దరిద్రమని మా వీధి నమ్మకం. అందుకని గోడకానుకుని, చెయ్యి రాట్నం మీదే పెట్టి కునుకు తీసేది. అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడి తిప్పేది. దొంగనిద్ర పోయేవాళ్ళను చూశాను గానీ, దొంగ మెలకువ మా అత్త దగ్గరే చూశాను.

ఒకరోజు ఇక తట్టుకోలేక రాట్నం లాక్కున్నాను. చాప పరిచాను.

"పండుకో అత్తా. కండెలు నేను చుడతా."

"నలుగురూ నవ్విపోతారే!"

"నవ్వనీ. నువ్వు మంచాన పడితే ఆ నవ్వేటోళ్ళొచ్చి ఎత్తి కూర్చోబెడతారా?"

మొహం మీద కొంగు కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. నేను రాట్నం ముందు కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకూ గొంతు తగ్గించి, తల మాత్రం ఎత్తుకుని చెప్పేదాన్ని: "మా అత్త పండుకోనుండాది. సాయంత్రం రాండి."

నెలలు గడిచేకొద్దీ బీపీ దిగింది. వేలి నొప్పి తిరగబెట్టలేదు. మందుల గొప్పా, నిద్ర గొప్పా అంటే రెండూ అన్నాడు డాక్టరు. నా గొప్ప కూడా ఉందని నేననుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

ఒక మధ్యాహ్నం ఎదురింటావిడ గడపలో నిలబడి, "ఏందమ్మీ, మీ అత్తకేమొచ్చెనే? పట్టపగలు ఈ పడకేంది? ఇల్లు బాగుపడినట్టే!" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. నోరు తెరవబోయాను.

అంతలో చాప మీద నుంచి, లేవకుండానే, మొహం మీది కొంగు తీసి మా అత్త వీధంతా వినపడేట్టు కేక వేసింది: "ఎవురది? నేను పండుకోనుండా. మా కోడలు పండుకోమనింది!"

ఆమె అటు తిరిగి గుర్రు పెట్టింది.