బొట్టు పెట్టిన మూత

పుంగనూరులో పాత్రలంగడి పెద్దాయన, అందరం అప్ప అని పిలిచే ఆయన, పోయారని పోయిన నెల కబురొచ్చింది. కుప్పంలో కూతురింట్లో, నిద్రలోనే పోయారట. నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపమే వచ్చింది. ఆయన పొట్ట మీద కొట్టిన కుక్కర్ల కంపెనీ మాత్రం టీవీలో నవ్వు మొహాలు చూపిస్తూనే ఉంది.

మీలో చాలామందికి ఆయన తెలియరు. కుక్కరు అమ్మితే గాస్కెట్ తీసి, మళ్ళీ మన చేతే పెట్టించేవారు. "బేరం తరవాత, ముందు ఇది నేర్చుకో" అనేవారు. ఆ తర్వాత మూత మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి చేతికిచ్చేవారు. మూత మీద అంటే సరిగ్గా సేఫ్టీ వాల్వు మీద.

తొంభైల్లో అలా కొన్న కుక్కరు నాలుగో నెలలో మదనపల్లెలో మా వంటింట్లో పేలింది. పప్పు పైకప్పుకు అంటుకుంది. మూత నా ఎడమ చెంపను, సగం చెవిని తీసుకుపోయింది. నేను ఆసుపత్రిలో ఉండగానే అందరూ తలా ఒక తీర్పు చెప్పేశారు. నీళ్ళు తక్కువ పోసుంటుందని మా అత్త, వెయిట్ సరిగా పెట్టుండదని పక్కింటివాళ్ళు. రెండు గ్లాసుల పప్పుకు ఐదు గ్లాసుల నీళ్ళు పోశాను. ఎవరడిగినా ఇప్పటికీ అదే చెబుతాను.

కట్లు విప్పిన మర్నాడే పగిలిన మూత పట్టుకుని పుంగనూరు బస్సెక్కాను. అంగడి ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నాకు స్టూలు వేసి, మూత అందుకుని, వాల్వును వెలుతురులో తిప్పి చూశారు. లోపల ఆవిరి మితిమీరితే వాల్వులోని లోహం కరిగి దారి ఇవ్వాలి. అది కరగనే లేదు.

"తప్పు నీది కాదమ్మా. ఈ మాట యాడ సెప్పమన్నా సెప్తాను" అన్నారు.

నాకు కావలసింది ఆ మాటే, కాకపోతే కాగితం మీద. చిత్తూరు వినియోగదారుల ఫోరంలో కేసు వేశాం. కంపెనీ వకీలు నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పసుపూ కుంకుమా వాల్వులో గడ్డకట్టాయనీ, సరుకులో ఏ లోపమూ లేదనీ, మూఢనమ్మకాల ఇల్లాలికి కంపెనీ బాధ్యత వహించదనీ వాదించాడు. చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. ఆ బొట్టు పెట్టింది ఎవరో ఆ గదిలో నాకూ అప్పకూ మాత్రమే తెలుసు. నోరు మూసుకుంటే ఏజెన్సీ ఉంటుందని కంపెనీవాళ్ళు ముందే అంగడికొచ్చి చెప్పిపోయారన్న సంగతి నాకు తర్వాత తెలిసింది.

అప్ప చంకలో అట్టపెట్టెతో లేచి నిలబడ్డారు.

"బొట్టు ఆయమ్మ పెట్టలేదు సామీ, నేను పెట్టినా. వాల్వు మీదే పెట్టినా. అది నా తప్పయితే రాసుకోండి. ఇది ఆయమ్మ కుక్కరుతో పాటు వచ్చిన లాటుదే, సీలు కూడా ఇప్పలేదు, బొట్టు లేదు. దీన్ని పరీక్షకు పంపండి. ఇదీ కరగకుంటే ఆ తప్పు ఎవురిదో అదీ రాయండి."

పంపారు. అదీ కరగలేదు. వాడకంలో తప్పు లేదు, తయారీలోనే లోపం ఉందని తీర్పు వచ్చింది. ఆ ముక్క మా అత్తకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. మూడోసారీ చదివాను.

నెల తిరక్కుండా కంపెనీ ఆయన ఏజెన్సీ పీకేసింది. ఆయన నా దగ్గర ఆ పగిలిన మూత అడిగి తీసుకుని, అంగడిలో తాను కూర్చునే చోటికి పైన మేకుకు తగిలించారు. ఆ తర్వాత అమ్మిన వేరే కంపెనీల కుక్కర్లకు బొట్టును మాత్రం పిడి మీదికి మార్చారు. ఎందుకని అడిగితే, "నా వల్లా తప్పు జరగచ్చు, నాతోనూ జాగ్రత్తగా ఉండాల గదమ్మా" అన్నారు. ఆ పాటి మాట కంపెనీ నోటి నుంచి ఈ రోజుకీ రాలేదు.

కర్మ అయ్యాక అంగడికి వెళ్ళాను. మేకు ఖాళీగా ఉంది. మూత బల్ల కింద చెత్తలో పడేసి ఉంది. కొనేవాళ్ళు దాన్ని చూసి భయపడతాండారని, కంపెనీ మళ్ళీ ఏజెన్సీ ఇస్తామంటోందని, ఇప్పుడు అంగడి చూసుకుంటున్న ఆయన కొడుకు నసిగాడు. భయపడాలనే కదా మీ నాయన అక్కడ తగిలించింది అని, మూత తీసుకుని వచ్చేశాను.

మదనపల్లె బస్సులో నా పక్క సీటులో కొత్త పెళ్ళికూతురిలాంటి అమ్మాయి, ఒళ్ళో కొత్త కుక్కరు పెట్టె. నా చెంప వైపూ, నా ఒళ్ళోని మూత వైపూ మార్చి మార్చి చూసి, అదేందక్కా అని అడిగింది.

"సెప్తాను. ముందు నీ పెట్టె ఇప్పు" అన్నాను.

గాస్కెట్ తీసి, మళ్ళీ ఆ పిల్ల చేతే పెట్టించాను. ఊరొచ్చేదాకా రెండు మూతలూ మా ఒళ్ళలో పక్కపక్కనే ఉన్నాయి.