పిన్నీసు పెట్టిన చివరి అధ్యాయం

ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లలో ఉండే సుబేదారు అప్పలనాయుడి భార్య కళావతి డిటెక్టివ్ గరుడాచలం నవలలు చదివే తీరే వేరు. పుస్తకం చేతికి రాగానే చివరి అధ్యాయం కాగితాలన్నీ కలిపి పిన్నీసు పెట్టేస్తుంది. మిగతాదంతా చదివి, సాయంత్రం బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్న భర్తకు హంతకుడి పేరు చెప్పాకే పిన్నీసు తీస్తుంది. ఇన్నేళ్లలో ఆమె చెప్పినవాడు ఒక్కసారీ హంతకుడు కాలేదు. ఓడిన ప్రతిసారీ నుదురు కొట్టుకుని, నవ్వుకుంటూ మళ్లీ మొదటి పేజీ తిప్పేది.

ఆ నవలల రచయిత పోయాడు. అదే గరుడాచలాన్ని పెట్టి ఇంకెవరో రాసిన కొత్త నవల నిన్న విజయవాడ నుంచి కొరియరులో వచ్చింది. టీ ఇచ్చిన వాళ్లను కూడా అనుమానించే గరుడాచలం ఇందులో ఎవరేం చెప్పినా తలూపేస్తున్నాడు. కళావతికి కూర్చోబుద్ధి కాలేదు. లేచి కూలర్లో నీళ్లు చూసింది. దండెం మీద బట్టలు తడిమింది. మళ్లీ కూర్చుంది, నాలుగు పేజీలు తిప్పి మళ్లీ లేచింది. అలాగే సాయంత్రానికి పిన్నీసు దాకా వచ్చింది.

"ఈపాలి ఎవుడు సంపీసినాడు?" అన్నాడు నాయుడు, బ్రష్షు ఆపకుండా.

"డాక్టరు. కాడేమోలెండి, ఇంత సుళువుగా దొరికీస్తాడేటి?"

పిన్నీసు తీసి, నిలబడే చదివింది. డాక్టరే.

"ఇన్నాళ్లకి గెలిచీసినావు. మిఠాయి తెమ్మంతావేటి?"

కళావతి నవ్వలేదు. పిన్నీసును తిరిగి ఆ కాగితాలకే గుచ్చి, పుస్తకాన్ని పాత పేపర్ల మీద పడేసింది.

"ఆయనే రాసుంటే, నన్ను గెలవనిచ్చీవోడేటి?"