నత్తు నీడ

మా మేనత్త చుట్టను తిరగేసి కాల్చేది. వెలిగించిన కొస నోట్లోకి, చల్లటి కొస బయటికి. మా వైపు దాన్ని అడ్డపొగ అంటారు. ఉద్దానం తీరంలో పెద్ద వయసు ఆడవాళ్ళలో చాలామందికి ఆ అలవాటు ఉండేది. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు, బూడిద చేతిపని మీద రాలదు. పెదాలు బిగించి ముక్కుతో పొగ వదులుతూ గంటసేపు జీడిపిక్కలు కొట్టుకోవచ్చు.

ఆమె ఊరు అక్కుపల్లికి ఇవతల, కొబ్బరి, జీడి తోటల మధ్య. పిల్లలు లేరు. బడి సెలవులకు నన్ను తెచ్చుకునేది. ఆమె భర్త, మా మావయ్య, పెళ్ళయిన మూడో ఏడు రంగూను వెళ్ళాడు. అప్పట్లో మా ప్రాంతం నుంచి చాలామంది అలా ఓడెక్కేవారు. రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. రెండోసారి ఎర్రరాళ్ళు పొదిగిన బంగారు నత్తు తెచ్చి, తనే ఆమె కుడి ముక్కుకి పెట్టాడట. ఆ తర్వాత రంగూను మీద బాంబులు పడ్డాయి. అడవులు దాటి నడిచి వచ్చినవాళ్ళు కాళ్ళు వాచిపోయి మా ఊళ్ళకు చేరారు. వాళ్ళలో ఆయన లేడు. పోవడం చూశామన్నవాళ్ళూ లేరు.

పన్నెండేళ్ళు కబురు లేకపోతే మనిషి పోయినట్టే లెక్క. దర్భలతో బొమ్మ చేసి కర్మ చేస్తారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది నాటికి ఆ గడువు దగ్గర పడింది. మావయ్య తమ్ముడు చెడ్డవాడు కాదు. అన్న ప్రేతమై తిరుగుతున్నాడేమోనని అతని భయం. పండగకీ పబ్బానికీ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"వదినా, నువ్వే తీసీ ఆ నత్తు. మేం తీసినట్టు ఉండదు. నలుగురూ నీ మాటే సెప్పుకుంతారు."

"ఎట్టినోడు తీత్తాడు. నువ్వెవుడివిరా?"

"అన్న ఉంటే రాడేటి?"

"వత్తాడు. దారి దూరం."

ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది మొండితనంలా కనిపిస్తుంది. ఒక్క నిమిషమైనా ఆ నత్తు ఆమె చేత్తో ఊడితే, మావయ్య పోయాడని తనే ఒప్పుకుందని ఊరు అంటుంది. మర్నాడే బొమ్మ సిద్ధమవుతుంది.

ఆ ఏడే ఆమె నోట్లో పుండు బయటపడింది. నేను అప్పుడు టెక్కలిలో ఒక దినపత్రికకు విలేకరిని. చూడడానికి వెళితే అన్నం ముద్ద ఎడమ దవడకే తోసుకుంటోంది. నోరు తెరవమన్నాను. నవ్వి కొట్టిపారేసింది. మూడోసారికి తెరిచింది. అంగిలి అంతా సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. కుడివైపు పైపళ్ళ వెనక అర్ధణా బిళ్ళంత మేర ఎర్రగా లోతుగా తినేసి ఉంది.

"ఎన్నాళ్ళయింది అత్తా?"

"ఏమో. నిప్పు తగిలిందనుకున్నాను. రోజూ తగుల్తాదేటి, తగ్గిపోద్దిలే అనుకున్నాను."

టెక్కలిలో ఒక డాక్టరు ఉండేవాడు. సైన్యంలో చేసి వచ్చిన మనిషి, మాట తక్కువ. టార్చిలైటు వేసి చాలాసేపు చూశాడు. చుట్ట మానెయ్యమన్నాడు. నన్ను బయటికి పిలిచి అసలు సంగతి చెప్పాడు. పుండు పైపొరలోనే ఉంటే విశాఖపట్నంలో కోసి తీసేయగలరు, మనిషి బతుకుతుంది. పైదవడ ఎముకలోకి దిగిందా, కత్తి పెట్టరు. దిగిందీ లేనిదీ కంటితో తెలియదు. ముఖానికి ఎక్స్‌రే తీయించాలి.

"తొందరగా," అన్నాడు. ఆయన ఏ మాటా రెండుసార్లు అనడం నేను వినలేదు. ఆ రోజు అన్నాడు.

పలాస దాకా బండి, పలాసలో పాసింజరు. పెట్టెలో ఎక్కగానే అత్త చుట్ట వెలిగించి తిరగేసి నోట్లో పెట్టుకుంది. ఎదురుగా పట్నం వైపు ఇల్లాలు ఒకామె చీర దగ్గరికి లాక్కుంది.

"అదేమిటమ్మా, నిప్పు మింగుతున్నావు!"

"నా నోట్లోనే ఉంది కదమ్మా. నీ కోకలో నేదు కదా," అంది అత్త, చుట్ట తియ్యకుండానే. పెట్టె అంతా నవ్వింది. నేనూ నవ్వాను. డాక్టరు మానెయ్యమన్నాడని గుర్తు చేయలేదు. అంత దూరం ప్రయాణంలో అదొక్కటే ఆమెకు తోడు అనుకున్నాను.

విశాఖపట్నంలో ఎక్స్‌రే తీసే చోటు ఒక పాత ఇంటి వెనక గది. కిటికీలకు నల్లగుడ్డ. తీసే మనిషి బరువైన సీసం ఆప్రాను తొడుక్కుని నెమ్మదిగా కదులుతున్నాడు. అత్త చెవులకున్నవి తీయించాడు. మెడలోవి తీయించాడు. పుస్తెలు నా చేతికిచ్చేటప్పుడు ఆమె రెండు కళ్ళకీ అద్దుకుంది, అంతే. కొంగు చాటున మళ్ళీ మెడలో వేసుకునేవే కనక అవి తీసినట్టు ఊరికి తెలియదు. తర్వాత అతను నత్తు వైపు వేలు చూపించాడు.

"అది కూడా తీసెయ్యండమ్మా."

"ఇది రాదు బాబూ."

"నేను తీస్తాను, నొప్పి ఉండదు."

అత్త రెండు చేతులూ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అతను నా వైపు తిరిగాడు. "బంగారం, రాళ్ళు. సరిగ్గా చూడాల్సిన చోటే దీని నీడ పడుతుంది. అప్పుడు ఎక్స్‌రే తీసీ లాభం లేదు."

అత్త నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు నేను తప్పు చేస్తే ఇంట్లో చెప్పకుండా దాచినప్పటి చూపు. ఇప్పుడు నా వంతు అన్నట్టు ఉంది. ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. ఊరికి తెలిసే దారి లేదు. ఆ మాట నేను చెప్పి ఉండవలసింది. ఒక అరగంట కూర్చుని, బతిమాలి, కాళ్ళు పట్టుకుని ఉండవలసింది. కానీ మర్నాడు టెక్కలిలో కొత్త రాష్ట్రం గురించి సభ ఉంది. వార్త నేనే పంపాలి. తిరుగుబండి అందుకోవాలి.

"ఎలా వస్తే అలా తియ్యండి," అన్నాను.

అతను అత్తను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, గడ్డమూ ముక్కూ ఫిల్ము పెట్టెకు ఆనించాడు. కదలొద్దు, ఊపిరి బిగబట్టు అన్నాడు. యంత్రం ఒకసారి గుర్రుమంది. ఫిల్ము కడిగి ఆరబెట్టి, ఖాకీ కవర్లో పెట్టి, పైన పెన్సిలుతో రాశాడు: నత్తు తియ్యలేదు.

టెక్కలి డాక్టరు ఆ రాత చదివి నన్ను ఒకసారి చూశాడు. ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు. నాకు చూడడం నేర్పింది ఆయనే. ఎముక తెల్లగా, ఖాళీ నల్లగా ఉంటుంది. బుగ్గ వెనక గాలి గది నల్లగా ఉంది. దాని అడుగున పైదవడ అంచు, పిండితో ముగ్గేసినంత సన్నటి తెల్ల గీత. ఎడమవైపు ఆ గీత కొస నుంచి కొస దాకా ఉంది. కుడివైపు మొదలైంది, సగం నడిచింది. తర్వాత ఒక తెల్లటి చక్రం, చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు. అందులో రాళ్ళ బిళ్ళలు మరింత తెల్లగా ఉన్నాయి. గీత వాటి వెనక్కి వెళ్ళి మళ్ళీ బయటికి వచ్చిందో, అక్కడే ఆగిపోయిందో చెప్పడానికి లేదు.

"ఇక్కడ గీత ఉంటే మీ అత్తని బతికించుకోవచ్చు," అన్నాడు, వేలు ఆ చక్రం మీద పెట్టి. "మళ్ళీ తీయించండి. నత్తు లేకుండా."

వెళ్ళి అడిగాను. ఆమె పెరట్లో పీట మీద కూర్చుని పిక్కలు కొడుతోంది.

"అత్తా, ఒక్క నిమిషం. నా చేతిలోనే ఉంటాది. మళ్ళీ నానే ఎట్టీస్తాను."

"నువ్వెడితే ఆడెట్టినట్టవుద్దేటి?"

"బతకాలని నేదా నీకు?"

"ఉంది కాబట్టే కదరా ఇన్నాళ్ళూ ఎట్టుకున్నాను." మరో పిక్క కొట్టింది. "ఆ డాక్టరు బాబుకి సెప్పు. నత్తు ఎనక ఏటుందో నత్తుకి తెలుసు."

నెలకు రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. అడిగేవాణ్ణి. ఒకసారి కోప్పడ్డాను, ఒకసారి ఏడ్చాను. విశాఖపట్నం సర్జనుకు డాక్టరు ఉత్తరం రాశాడు. స్పష్టమైన ఫిల్ము పంపితే చూస్తానని జవాబు వచ్చింది. ఆ ఉత్తరం చదివి వినిపించాను. "మంచోడు, ఎంటనే రాశాడు," అంది.

వానలు పట్టాయి. ఆమె అన్నం మానేసి గంజికి దిగింది. ఒకనాడు పైపళ్ళు మూడు, నెత్తురు చుక్క లేకుండా ఊడి చేతిలోకి వచ్చాయి. వాటిని గుడ్డలో మూటగట్టి నాకు చూపించింది. చుట్ట మానలేదు. ఇప్పుడు నిప్పు తగిలినా తెలియడం లేదంది. తర్వాత బుగ్గ పొంగింది, కుడి కన్ను కింద దాకా. ముక్కు వాచి, నత్తు తీగ మాంసంలో దిగిపోయింది. చీము పట్టింది.

కంసాలిని పిలవమని ఆమే అంది. కంసాలి కత్తెర పెట్టేముందు చేతులు జోడించాడు.

"తల్లీ, నా మీద పాపం ఎయ్యకు."

"నీ మీదెందుకు నాయినా. కోసీ."

రెండు ముక్కలైన నత్తును దోసిట్లోకి తీసుకుంది. మరిది గుమ్మంలో నిలబడి తల దించుకున్నాడు. వారం తిరక్కుండా పురోహితుడు వచ్చాడు. బొమ్మ ఒళ్ళంతా దర్భలే అయినా మనిషంత పొడుగు చేశారు. దాన్ని మోసుకెళుతుంటే ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడిక అడ్డం ఏదీ లేదు. నేనే ఆమెను చేతుల మీద ఎత్తుకుని రైలెక్కించాను. రెండో ఫిల్ము అద్దంలా వచ్చింది. టెక్కలి డాక్టరు దాన్ని కిటికీ దగ్గర ఎక్కువసేపు పట్టుకోలేదు. ఎడమవైపు ముగ్గు గీత అలాగే ఉంది. కుడివైపు గీత లేదు. గాలి గది లేదు. పొగ కమ్మినట్టు ఒకే బూడిదరంగు, పళ్ళ దగ్గర నుంచి కంటి గూడు దాకా.

మొదటి ఫిల్ము తెమ్మన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు.

"అప్పుడు ఉండేదా, డాక్టరు గారూ? గీత?"

ఆ చక్రం చుట్టూ వేలు తిప్పాడు. "ఉండొచ్చు. లేకపోవచ్చు. ఇందులోంచి ఎవరూ చెప్పలేరు," అన్నాడు. రెండూ ఒకే కవర్లో పెట్టి నా చేతికిచ్చి, తర్వాతి రోగిని పిలిచాడు.

అత్తకు అబద్ధం చెబుదామనే వెళ్ళాను. డాక్టరు ఏమన్నాడని ఆమె అడగలేదు. "ఆ బొమ్మలేవీ?" అంది. మాట అప్పటికే ముక్కులోంచి వచ్చేది, పక్కన కూర్చుంటేనే అర్థమయ్యేది. రెండు ఫిల్ములూ తలుపు వెలుతురుకు పెట్టి చూపించాను. రెండోదాని మీద ఆమె కన్ను నిలవలేదు. మొదటిదాన్ని లాక్కుంది.

"ఇందులో ఉందిరా. ఓలమ్మా, రాళ్ళు కూడా అవుపిత్తన్నాయి. దీన్ని ఎవుడు తీత్తాడు?"

మరిది వచ్చాడు. అతనికీ చూపించింది. "సూడు. మీ అన్న ఎట్టింది. దిబ్బలో కాల్చీసారు కదా మీరు, సూడు." అతను చూసి, "అవును వదినా," అన్నాడు. వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్ళాడు.

చివరి పది రోజులూ ఆ ఫిల్ము, రెండోదాంతో పాటు కవర్లో, ఆమె తలగడ కిందే ఉంది. ఒక పొద్దున నన్ను దగ్గరికి పిలిచింది.

"నన్ను కాల్చినప్పుడు ఇది నా గుండెల మీద ఎట్టు. ఆడు ఎదురొత్తే ముక్కు బోసిగా ఉండకూడదు."

"మావ ఉన్నాడన్నావు కదా అత్తా."

"ఏటో. ఎక్కడుంటే అక్కడే ఎదురొత్తాడు. ఎడతావా?"

పెడతానన్నాను. మూడో రోజు పోయింది.

తలగడ కింద నుంచి కవరు తీసింది నేనే. తోటల చివర ఇసుకలో చితి పేర్చారు. కవర్లోంచి ఫిల్ము తీసి, గుడ్డ కప్పిన ఆమె గుండెల మీద పెట్టాను. మరిది చూశాడు, తల ఊపాడు. అతను దూరం నుంచి చూశాడు. నల్లటి రేకు కనిపించింది, అంతే. నేను పెట్టింది రెండోది.

మొదటిది ఇవ్వలేకపోయాను. ఆ చక్రం వెనక గీత ఉందో లేదో ఇంకొక్కసారి, మంచి వెలుతురులో, ఎవరైనా తెలిసినవాళ్ళకు చూపించి కనుక్కోవాలనిపించింది. ఆ తర్వాత చాలామందికే చూపించాను. పెద్ద డాక్టర్లు దీపం పెట్టెల మీద పెట్టి చూశారు. అందరూ వేలు తెచ్చి అక్కడే ఆపారు.

ఇప్పటికీ అప్పుడప్పుడూ కిటికీకి ఎత్తి పడతాను. గీత ఉంటే ఆ రోజు ఆ గదిలో నేను అన్న మాట ఆమెను చంపింది. లేకపోతే ఆమె ఎలాగూ దక్కేది కాదు, ఆమెతో వెళ్ళవలసిన నత్తును నా అనుమానం కోసం ఆపుకున్నాను. అంచు పసుపు పచ్చబడుతోంది. చక్రం మాత్రం మొదటిరోజంత తెల్లగా ఉంది. అది ఆమెకు చేరవలసింది.