రోడ్డు తగ్గించే జీపు

మహబూబ్ అలీ జీపు ఎక్కాలంటే ముందు కుచ్చిళ్లు ఎగ్గట్టాలి, తరువాత సిగ్గు విడిచిపెట్టాలి. చీర కట్టుకున్న ఆడమనిషి ఎక్కే ఎత్తు కాదది. నేను ఒక కాలు ఇనుప మెట్టు మీద పెట్టి, కమ్మీ పట్టుకుని వేలాడుతుంటే, కింద నుంచి ఎవరో ఒక పుణ్యాత్మురాలు నన్ను లోపలికి తోసేది. మూడేళ్లు అట్లాగే ఎక్కాను. టీచరుగా నన్ను తునికిగుంపు బడికి వేసినవాళ్లను ప్రతి సోమవారం పొద్దున ఆ మెట్టు మీద నిలబడే తిట్టుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాచుకోవడం చేతకాదు.

భద్రాచలం నుంచి కొత్తూరు దాకా తారురోడ్డు. అక్కడి నుంచి అడవిలో బండిబాట, మధ్యలో రాళ్లవాగు, ఆ పైన తునికిగుంపు. మహబూబ్ సోమవారం నన్ను ఊళ్లో దింపి, సంతకు పోయేవాళ్లను ఎక్కించుకుని పోయేవాడు. శనివారం సాయంత్రం వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయేవాడు. మిగతా రోజుల్లో ఆ బాటన బండి అనేది రాదు. ఆ వాగులో రాళ్లకు అడుగు తగలకుండా దాటగలిగింది మహబూబ్ జీపు ఒక్కటే.

ఆ ఎత్తంతా టైర్లదే. వెనకటికి ఒక వెదురు కాంట్రాక్టరు అడవిలో తిరగడానికని ఆ జీపుకు ట్రాక్టరు ట్రాలీ టైర్లు వేయించాడు. ఆయన దగ్గర బండి కొన్న మహబూబ్ ఆ నాలుగు టైర్లనూ కన్నబిడ్డల్లా సాకాడు. రోజూ కడిగేవాడు. గాట్లలో ఇరుక్కున్న గులకరాళ్లను మేకుతో ఒక్కొక్కటే ఏరేవాడు. ఆయన ఇల్లు భద్రాచలం పక్కనే, సారపాకలో. భార్య సర్వరీ బేగం మోకాళ్ల నొప్పుల మనిషి. దవాఖానాకు పోవాలంటే ఆయన జీపులో పోతే, ఆమె వెనకాల ఆర్టీసీ బస్సులో పోయేది.

"సొంత బండి పెట్టుకుని బస్సుకు చెయ్యెత్తేది ఈ సారపాకల నేనొక్కదాన్నే టీచరమ్మా" అనేది నాతో. "చిన్న టైర్లు ఎయ్యమని తొమ్మిదేండ్లసంది మొత్తుకుంటున్న. నన్నన్న ఇడుస్తడు గానీ ఆ టైర్లను ఇడువడు."

మనిషి మాత్రం బంగారం. బీడీ ముట్టడు, చిల్లర ఎగ్గొట్టడు, నోట అబద్ధం రాదు. ఆ మాట ఆయనే రోజుకు నాలుగుసార్లు చెప్పుకునేవాడు. "మహబూబ్ అలీ జూట్ మాట్లాడడు" అనేవాడు స్టీరింగు మీద చరుస్తూ. ఆయనకున్న గొప్ప ఒక్కటే. భద్రాచలం నుంచి కొత్తూరుకు రోడ్డు పక్క రాళ్ల లెక్కన ముప్ఫైమూడు కిలోమీటర్లు. ఆయన మీటర్లో సరిగ్గా ముప్ఫై.

"చూసిండ్రా టీచరమ్మా? నా బండి ఎక్కితే రోడ్డే తగ్గుతది!"

"రోడ్డు ఎక్కడైనా తగ్గుతుందా భాయ్?"

"రాళ్లు పాతినోళ్లు తప్పు పాతిండ్రు మరి. మీటరు కంపెనీది. దానికి అబద్ధమాడే పనేంది?"

జీపులో వాళ్లంతా అవ్ అవ్ అని తలలూపేవాళ్లు. రామక్క ఒక్కతే ఊపేది కాదు.

రామక్క తునికిగుంపు మనిషి. యాభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉండేది. నేను చూసిన ప్రతిసారీ ఆమె నెత్తి మీద ఏదో ఒకటి ఉండేది. ఇప్పపువ్వు గంపో, చింతపండు మూటో, కట్టెల మోపో. అన్నిటికన్నా బరువైనది రేషన్ బియ్యం. డిపో కొత్తూరులో ఉంది. నెలకు రెండే రోజులు తెరిచేవాళ్లు, ఆ రెండూ జీపు రాని రోజులే. ఊళ్లో ఆడవాళ్లంతా బారుగా నడిచిపోయి, బియ్యం నెత్తిన పెట్టుకుని నడిచొచ్చేవాళ్లు. మంచం దిగలేని ముసలి జంపక్క బియ్యం కూడా రామక్కే తెచ్చేది. ఒక శ్రావణంలో వాగు నడుమ ఆమె కాలు జారి మూట నీళ్లపాలైంది. పోయినవి జంపక్క బియ్యం. రామక్క ఆ నెలంతా తన బియ్యంలో సగం ముసలామెకు పోసి, తాను అంబలితో గడిపింది. నాకా సంగతి నెల తరువాత తెలిసింది. పక్కనే ఉండి కూడా తెలుసుకోలేదని నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ రోజే కూర్చుని అర్జీ రాశాను, మా ఊరికి సొంత డిపో కావాలని.

అర్జీకి కాళ్లొచ్చి కదలడానికి ఏడాది పట్టింది. రెండువేల నాలుగులో, వానలకు ముందు, ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. ఉన్న డిపోకు అయిదు కిలోమీటర్లు దాటి ఉంటేనే ఊరికి కొత్త డిపో ఇస్తారట. ఆఫీసు బండి వాగు దాటదని ఆయన మహబూబ్ జీపునే మాట్లాడుకున్నాడు. కొత్తూరు డిపో గుమ్మం దగ్గర మీటరు చూసి రాసుకున్నాడు. మా బడి ముందు దిగి మళ్లీ చూశాడు.

"నాలుగు పాయింటు ఏడు" అన్నాడు. "అయ్యో, కొద్దిలో పోయిందమ్మా."

ఊరంతా నోరెళ్లబెట్టింది. ఏం జరిగిందో ఇంకా తెలియని మహబూబ్ మాత్రం వాగులో ఒక్క కుదుపు లేకుండా దాటించినందుకు మీసం దువ్వుకుంటున్నాడు. రామక్క తిన్నగా పోయి ఆయన ముందు నిలబడింది.

"మాబూబన్నా, నీ బండి ఎక్కితే రోడ్డు తగ్గుతదని నువ్వే అంటివి గద?"

"అవ్, అంటి."

"మరి బియ్యం ఎత్తుకుని నేను నడుస్తాంటే ఎందుకు తగ్గదు?"

నా బుర్రలో అప్పుడు వెలిగింది. మూడేళ్లు ఆ జీపులో పక్కసీటున కూర్చుని, పిల్లలకు లెక్కలు చెప్పే నాకు, ఒక్కనాడూ తట్టలేదు చూడండి! పరుగెత్తి ఒక బిందె, ఒక చెంబు తెచ్చాను. బడి మెట్టు నుంచి వేపచెట్టు దాకా గీత గీసి ఆ రెండూ దొర్లించాను. బిందె పది చుట్లు తిరిగింది. చెంబు ఇరవై దాటింది.

"దూరం ఒకటే కదా సార్? మీటరు లెక్కపెట్టేది చుట్లనే. కంపెనీ మీటరు కంపెనీ టైర్లకు పెట్టింది. ఈయన వేసినవి బిందెలు!"

"చెంబులతోని నా బండిని కొలుస్తరా టీచరమ్మా?" అని గయ్యిమన్నాడు మహబూబ్. ముఖం మాత్రం కందగడ్డ అయింది.

ఆఫీసరు నవ్వాడు. "లెక్క నాకు అర్థమైంది. కానీ చెంబు చుట్లు ఫైల్లో రాయలేనమ్మా. సర్వేవాళ్లు గొలుసుతో కొలవాలంటే వచ్చే వేసవి. ఈ లిస్టు శుక్రవారం దాకానే నా దగ్గర ఉంటుంది. ఈలోపు కంపెనీ సైజు టైర్లు వేసుకొస్తే మళ్లీ కొలుస్తాను."

అందరి కళ్లూ మహబూబ్ మీద పడ్డాయి. ఆయన ఆ టైర్ల వంక చూశాడు, వాగున్న వైపు చూశాడు. "వాగుల ఆగిపోతే నా ఇజ్జత్ ఏం గావాలె?" అని మాత్రం గొణిగి బండెక్కాడు.

ఆ తరువాత సంగతి నాకు సర్వరీ బేగం చెప్పింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదట. ఏమైందని అడిగితే, "నేను జూట్ మాట్లాడనని ఊరూరు చెప్పుకుంటి. నా బండే తొమ్మిదేండ్లసంది ఆడుతున్నదట" అన్నాడట. తెల్లారి చందూలాల్ టైర్ల షాపుకు పోయి నాలుగూ ఊడదీయించాడు. అవి ఇచ్చేసి, బదులుగా అసలు సైజు చక్రాలు, టైర్లు తీసుకున్నాడు. చందూలాల్ ఒక్కొక్క టైరునూ లోపలికి దొర్లిస్తుంటే ఈయన వెనకాలే నడిచి, "జర మెల్లగ" అన్నాడట. పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు కూడా ఇంత ఏడవలేదని బేగం ఒకటే నవ్వు. నవ్వదూ మరి? ఆ సాయంత్రమే ఆమె ఎవరి సాయం లేకుండా జీపెక్కి ముందు సీట్లో కూర్చుంది. దిగమన్నా దిగలేదు. మరునాడు మహబూబ్ కొత్తూరు దాకా నడిపి చూశాడు. మీటరు ముప్ఫైమూడు చూపించింది. "రాళ్లోళ్లే గెలిచిండ్రు" అన్నాడట.

శుక్రవారం వచ్చింది. ముందునాడు ఒక వాన పడింది. నేను బడి పిల్లలకు లెక్కలిచ్చి, ఊరి ఆడవాళ్లతో కలిసి వాగు దాకా ఎదురు పోయాను. అవతలి గట్టు మీద జీపు కనిపించింది, మహబూబ్ పక్కన ఆఫీసరు. ఎప్పుడూ ఏనుగులా దిగే బండి, ఆ రోజు మేకపిల్లలా జంకుతూ దిగింది. నడిమధ్యలో అడుగు రాయికి కరకరమని రాసుకుంది. అంతే, ఆగిపోయింది.

మహబూబ్ పళ్లు బిగించి యాక్సిలేటరు తొక్కాడు. వెనక చక్రాలు ఇసుకలో గిర్రున తిరిగాయి. బండి అంగుళం కదల్లేదు.

"ఇంజన్ ఆపవయ్యా! ఆపు!" ఆఫీసరు గావుకేక పెట్టాడు. "బండి ఇక్కడే ఉంది, మీటరు ఊళ్లోకి పోతోంది!"

మహబూబ్ టక్కున ఆపాడు. చుట్లు ఊరికే పెరిగితే ఆ అంకె ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే మళ్లీ నెత్తిన మూటలే.

ఆఫీసరు మీటరు దగ్గర వంగి చూశాడు. "ఇంకా అంకె మారలేదు. ఇక ఇంజన్ ముట్టుకోవద్దు. నెడితే ఎంత దొర్లుతుందో అంతే లెక్క."

నెట్టడం! ఆ మాటకు మహబూబ్ ముఖం చూడాలి. తొమ్మిదేళ్లలో ఆ జీపును చెయ్యి వేసి నెట్టినవాడు లేడు. ఆయన ఇంకా నోరు తెరవకముందే రామక్క చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగింది. ఆమె వెనక పక్కింటి సక్రి, ఆమె వెనక పదిమంది. నేనూ దిగాను. ఆఫీసరు ప్యాంటు మడిచి మా పక్కన చేరాడు. "ఓయమ్మో, పట్టుండ్రే!" అని రామక్క కేక వేస్తే అందరం ఒక్కటిగా నెట్టాం. జీపు రాయి దిగి, దొర్లి, గట్టెక్కింది. గట్టెక్కాక ఇంజన్ వేయించి, మెల్లగా బడి దాకా నడిపించాడు ఆఫీసరు. బండి వెనకాల మేమంతా పరుగు.

అయిదు పాయింటు రెండు.

పిల్లలు ఈలలు వేశారు. నేను ఏడ్చాను, దాచుకోలేదు. రామక్క మాత్రం చీర పిండుకుంటూ, "నా కాళ్లకు ముందే తెల్సు" అంది.

డిపో చలికాలం మొదట్లో వచ్చింది. మొదటి లోడు వచ్చింది సోమవారం. నేను జీపులోనే ఉన్నాను. వాగు దగ్గరికి వచ్చేసరికి మా వెనక నుంచి బియ్యం బస్తాలతో ఒక ట్రాక్టరు ట్రాలీ వచ్చింది. మహబూబ్ పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ట్రాలీ దడదడలాడుతూ వాగులో దిగింది, రాళ్ల మీద నుంచి ఆగకుండా పోయింది. మహబూబ్ సీట్లోంచి సగం లేచాడు.

"టీచరమ్మా! అవి నా టైర్లే! ఈ వాగు కోసమని బియ్యం కాంట్రాక్టరు చందూలాల్ దగ్గర ఏరి కొన్నడట. చూడుండ్రి, ఎట్ల పోతున్నయో నా బిడ్డలు!" ఆయన కళ్లల్లో నీళ్లు.

ఆ ఉత్సాహంలో గేరు వేసి తానూ దిగాడు. అదే రాయి, అదే కరకర. ఆగిపోయాం. అలవాటైన పనే గనక ఇంజన్ తనంతట తానే ఆపేసి, తల పట్టుకుని కూర్చున్నాడు.

అవతలి గట్టు మీద, ట్రాలీని చూడడానికి వచ్చిన ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ముందు రామక్క. ఆమె నెత్తి మీద ఏమీ లేదు. మూడేళ్లలో నేనట్లా చూడడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి నడుం మీద, ఒకసారి పక్కకు వేసుకుంటోంది. మమ్మల్ని చూసి పకపకా నవ్వి నీళ్లలోకి దిగింది.

"కూసో మాబూబన్నా, దిగకు" అంది జీపు మీద రెండు చేతులూ వేసి. "ఖాళీగనే ఉన్నం గద ఇప్పుడు. నెడ్తం."